పాత ఆపరేషన్ పెట్టె: ఏ పనిముట్టు దేనికి, తుప్పు ఎట్లా తీయాల?

చిత్తూరోడు:
పెట్టెలో ఉండేవి: రంపం, అడుగు పొడుగు కత్తి, రెండంచుల సన్న కత్తి, కొక్కెంలా వంగిన మొన, ఇత్తడి మరున్న పట్టీ. పిడులు నల్ల కట్టెవి, గళ్ళు చెక్కినారు. తిరుపతిలో మెడికల్ పిల్లోళ్ళ ఎగ్జిబిషన్‌లో పెట్టాల. ఏది దేనికి? ఏ కాలంది? చింతపండుతో తోమొచ్చా?

పాతఇనుము:
చింతపండు వద్దన్నా! పులుపు తుప్పుతో ఆగదు, ఉక్కునీ తింటుంది. కత్తి మీద తయారీదారు పేరు ఉంటే అదీ చెరిగిపోతుంది. కుట్టుమిషన్ నూనె పూసి ఒక రాత్రి వదిలి, 0000 నంబరు (అతి సన్నటి) స్టీల్ ఊల్‌తో మెల్లగా రుద్దండి. పిడి తడపొద్దు. పదును ఇంకా ఉండొచ్చు, మందపాటి గ్లవ్స్ వేసుకోండి.

సర్జరీ_పీజీ:
ఇది కాళ్ళు, చేతులు తీసేసే సెట్టు. రక్తం ఆపడానికి బిగించే ఆ పట్టీని టూర్నికే అంటారు. మర పద్ధతిని ఫ్రెంచి సర్జన్ పెటీ 1718లో తెచ్చాడు. పట్టీకుండే మెత్తను తొడ ధమని మీద ఆనించి మర తిప్పితే ఇత్తడి పలకలు ఎడమై పట్టీ బిగుస్తుంది. మెత్త పక్కకు జరిగితే సిరలు మాత్రమే మూసుకుని, రక్తం ఇంకా ఎక్కువ పోతుంది.

పొడుగు కత్తిని ఎముకను ఆనుకుని కండలోకి ఇటునుంచి అటు దూర్చి, లోపలినుంచి బయటికి కోసేవాళ్ళు. ఎముకను కప్పడానికి కండ మిగులుతుంది. 1846లో మత్తిచ్చే ఈథర్ రాకముందు రోగి మెలకువగానే ఉండేవాడు, అందుకే త్వరగా ముగిసే ఈ పద్ధతికి గిరాకీ. సన్నది క్యాట్లిన్, మోకాలి కింద రెండెముకల మధ్య కండ తెంచడానికి. తొడ దగ్గర దాంతో పనిలేదు.

అసలు కష్టమంతా రంపంతోనే. పిడి దగ్గరి పళ్ళను ఎముక మీద ఆనించి, మొదట రంపాన్ని వెనక్కి లాగి గాడి చేయాలి. ఆ తర్వాతే నిండు కోత, చివర్లో తేలిగ్గా. కాలు పట్టుకున్నోడు పైకెత్తితే గాడి మూసుకుని రంపం ఇరుక్కుంటుంది. కిందికి వాల్చితే కోత పూర్తికాకముందే ఎముక చీలి ముల్లు మిగులుతుంది. దాన్ని కొరికే ఫోర్సెప్స్ వేరే ఉండాలి, పెట్టెలో ఖాళీ గూడు ఉందేమో చూడండి.

కొక్కెం టెనాక్యులం. తెగిన ధమని లోపలికి ముడుచుకుపోతే దీంతో బయటికి లాగి పట్టుదారంతో కట్టేవాళ్ళు. దారం కొస ఒకటి గాయం బయట వదిలేవాళ్ళు, ముడి కింద భాగం కుళ్ళి ఊడాక లాగేయడానికి. ఆ కుళ్ళు ధమనిని తినేస్తే మళ్ళీ రక్తం పారి ప్రాణం పోయేది.

పాతఇనుము:
కాలం సంగతి: గళ్ళ పిడి రక్తంలో తడిసినా జారదు, కానీ ఆ గళ్ళలోనే మురికి నిలుస్తుంది. కార్బాలిక్ యాసిడ్‌తో క్రిములను చంపే పద్ధతిని సర్జన్ లిస్టర్ ప్రచురించింది 1867లో. తర్వాత పరికరాలను ఉడకబెట్టడం, ఆవిరి పట్టడం మొదలైతే కట్టె పగిలేది. 1890ల కల్లా పిడితో సహా లోహమే వాడుకలోకొచ్చింది. మీది అంతకుముందు తయారీ కావచ్చు. పాత సెట్లను తర్వాతా వాడినారు గనక పిడి చూసి ఏడాది రాయొద్దు. ఇంకోటి, పక్కన సుశ్రుతుడి పేరు అంటించొద్దు, దయచేసి. ఆయన సంహితలోని 101 యంత్రాలు (మొద్దు పనిముట్లు), 20 శస్త్రాలు (పదునైనవి) వేరు, వాటికి వేరే బల్ల పెట్టండి.