యాన్ హుస్ వాక్యం: ‘ప్రవ్దా’ అంటే సత్యమా, నిజమా?

అందరికీ నమస్కారం. ఒక చెక్ వాక్యాన్ని తెలుగు చేయబోయి ఇరుక్కుపోయాను. కాస్త చెయ్యందించండి.

వాక్యం యాన్ హుస్‌ది. 1402 నుంచి ప్రాగ్‌లోని బెత్లెహేం చాపెల్‌లో జనం మాట్లాడుకునే చెక్‌లోనే ప్రసంగాలు చేసిన ఫాదర్ ఆయన. డబ్బు తీసుకుని పాపక్షమాపణ పత్రాలు ఇవ్వడాన్ని 1412లో గట్టిగా ఎదిరించాడు. విశ్వాస ప్రమాణాన్ని వివరిస్తూ చెక్‌లో రాసిన పుస్తకంలో ఆయన మాట ఇది:

“హ్లెదెయ్ ప్రవ్ది, స్లిష్ ప్రవ్దు, ఉచ్ సె ప్రవ్ద్యె, మిలుయ్ ప్రవ్దు, ప్రవ్ ప్రవ్దు, ద్రష్ ప్రవ్దు, బ్రాన్ ప్రవ్దు అష్ దొ స్మ్ర్తి.”

వెతుకు, విను, నేర్చుకో, ప్రేమించు, చెప్పు, పట్టుకో, కాపాడు. ఏడు క్రియలు. ‘ఉచ్’ అంటే నేర్పు, ‘ఉచ్ సె’ అంటే నేర్చుకో. మన ‘కొను’ చేసే పని అక్కడ ‘సె’ చేస్తోంది. ఇది చూసి ఎంత సంతోషమేసిందో! చిక్కంతా ‘ప్రవ్ ప్రవ్దు’ దగ్గరే. క్రియకూ నామానికీ ధాతువు ఒకటే కాబట్టి నోట్లో గంట కొట్టినట్టు మోగుతుంది. ‘నిజం చెప్పు’ అంటే అర్థం వస్తుంది గానీ ఆ మోత రాదు.

చివరి మాటలోని ‘స్మ్ర్త్’ అంటే చావు. మన మృత్యువుకు దూరపు చుట్టమే. అందులోని ‘ర్’ పక్కన అచ్చు లేకుండా తానే అచ్చులా పలుకుతుంది, అచ్చం ఋకారంలాగా. అందుకని వట్రసుడి పెట్టి రాద్దామంటే ‘స్మృతి’ అయిపోయి అర్థమే మారిపోతోంది!

వ్యాఖ్య: ‘సత్యం’ అనండి. చెక్ అధ్యక్షుడి జెండా మీద ‘ప్రవ్దా వీతేజీ’ అని ఉంటుంది. మన ‘సత్యమేవ జయతే’ కూడా అదే కదండీ.

జవాబు: పోలిక బాగుందండి. మనది ముండకోపనిషత్తులోది. వాళ్లది హుస్ అనుచరుల నాటి నుంచి వస్తున్న నినాదం. 1413లో ఒక లాటిన్ ఉత్తరంలో ‘అన్నిటినీ సత్యమే జయిస్తుంది’ అన్న బైబిలు సంప్రదాయపు మాటను హుస్ రాశాడు. ఆ లాటిన్ మాటకైతే నేనూ ‘సత్యం’ అనే అంటాను. ఈ వాక్యం మాత్రం మామూలు జనానికి వాళ్ల భాషలో చెప్పింది. బజారులో, ఇంట్లో మనం ‘నిజం చెప్పు’ అంటాం. ‘సత్యం చెప్పు’ అనం. ‘నిజ’ కూడా సంస్కృతమే, అక్కడ దానికి ‘తనదైన’ అని అర్థం. అయినా తెలుగువాడి నోట అది ఈ అర్థంలోనే స్థిరపడింది. నా ఓటు దానికే.

ఇక వాక్యక్రమం. మన పద్ధతిలో ‘చచ్చేదాకా నిజాన్ని కాపాడు’ అనాలి. అప్పుడు చావు మధ్యలోకి జారిపోతుంది. హుస్ దాన్ని చివర పెట్టాడు. సిగిస్మండ్ రాజు ఇచ్చిన అభయపత్రం చేతిలో ఉన్నా, మాట వెనక్కి తీసుకోనన్నందుకు 1415 జూలై 6న కాన్‌స్టాన్స్‌లో ఆయన్ని సజీవంగా దహనం చేశారు. అది తెలిశాక ఆ పదాన్ని కదపడానికి నాకు చేతులు రావడం లేదు. అందుకే ఇలా రాశాను:

“నిజాన్ని వెతుకు, నిజాన్ని విను, నిజాన్ని నేర్చుకో, నిజాన్ని ప్రేమించు, నిజం చెప్పు, నిజాన్ని పట్టుకో, నిజాన్ని కాపాడు, చచ్చేదాకా.”

‘చచ్చేదాకా’ మరీ మోటుగా ఉందంటారా? ‘ప్రాణం పోయేదాకా’ అంటే మెత్తబడిపోతుందని నా భయం.