ఏడో తరగతి పిల్లలకు టీచరు చదివి వినిపించాలా?

తార్నాక తెలుగు టీచర్:
రోజూ పీరియడ్ మొదట్లో 10 నిమిషాలు కథల పుస్తకం చదివి వినిపిస్తున్నాను. ఏడో తరగతి. "అంత పెద్ద పిల్లలకు మీరు చదవడమేంటి, వాళ్ళతోనే చదివించండి" అని స్టాఫ్‌రూమ్‌లో అంటున్నారు. మీరేమంటారు?

లెక్కల సార్:
మేడం, నేను ఒప్పుకోను. రోజుకు 10 నిమిషాలంటే వారానికి గంట పోయినట్టే. పదో తరగతికొచ్చాక కూడా, లెక్క వచ్చీ ప్రశ్న చదవలేక వదిలేసే పిల్లలు నాకు ఏటా తగులుతున్నారు. చదివితేనే చదవడం వస్తుంది. గట్టు మీద కూర్చుంటే ఈత వస్తుందా?

తార్నాక తెలుగు టీచర్:
సార్, ఆ పిల్లల గురించే నా బాధ కూడా. మా క్లాసులో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సగం మంది కూడా లేరు. ఉర్దూ, హిందీ, లంబాడీ, ఒడియా. బడి దాటితే తెలుగు వాక్యం చెవిన పడదు. ఒకమ్మాయి "అమ్మ రాలేదని ఏడ్చాడు" అన్న వాక్యాన్ని "అమ్మ రాలే... దని ఏడ్చాడు" అని చదివింది. ఒత్తు తప్పలేదు, దీర్ఘం తప్పలేదు. "రాలేదని" అన్న మాటే ఆ పిల్ల ఎప్పుడూ వినలేదు! తెలుగులో మాటకు మాట అతుక్కుంటుంది కదా, ఆ అతుకు ముందు చెవికి తెలియాలి. రెండు నెలలు కథలు విన్నాక "చెప్పలేదని", "చూడలేదని" తనే ఆగకుండా చదివేసింది. ఆ రోజు నాకెంత సంతోషమైందో!

మౌలాలి ప్రైమరీ టీచర్:
అక్కా, నేనూ మీవైపే. 2022 ఆగస్టులో మన తెలంగాణ బడుల్లో చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం తొలిమెట్టు కార్యక్రమం మొదలైంది గానీ అది ఐదో తరగతి వరకే. ఆరుకొచ్చేసరికి వినిపించేవాళ్ళుండరు. పైగా 2022-23 నుంచి మన సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. మిగతా పాఠాల్లో కూడా తెలుగు వినబడేది తగ్గింది.
ఇక చదివించడమంటారా, రోల్ నంబరు ప్రకారం ఒక్కొక్కరితో ఒక్కో పేరా చదివిస్తాం. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు తమ వంతుకు ఏ పేరా వస్తుందో లెక్కపెట్టుకుంటారు. కథ ఎవరి చెవికీ ఎక్కదు. చదవడం రాని పిల్ల అందరి ముందు నిలబడి వణుకుతుంది. అది చూడలేకపోయేదాన్ని, మానేశాను.

లెక్కల సార్:
ఆ వణుకు నేనూ చూశాను. కానీ మీరు చదివేటప్పుడు పిల్లల చేతిలో పుస్తకం ఉంటోందా మేడం?

తార్నాక తెలుగు టీచర్:
ఒక్కటే కాపీ ఉంది సార్. అక్కడ మీ మాట నిజమే. రేపటి నుంచి ఆ పూట చదివే పేజీ జిరాక్స్ తీసి ఇద్దరికొకటి ఇస్తాను. నేను చదువుతుంటే వాళ్ళ వేలు వాక్యం వెంట కదలాలి.

లెక్కల సార్:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. నేనూ రాత లెక్కల ప్రశ్నను ముందు ఒకసారి పైకి చదివి, తర్వాత వాళ్ళతో చదివిస్తాను.