‘మిస్సయ్యాడు’ అంటే ‘మిస్డ్’ కాదు: విపత్తు వార్తల ఇంగ్లీషుపై ఒక చర్చ

కావలి నుంచి ఒక సభ్యురాలి ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను పోటీ పరీక్షలకు చదువుకుంటున్నాను. తుఫానులు, వరదలు, రైలు ప్రమాదాల వార్తలు ఇంగ్లీషు పేపర్లో చదివితే నాకు తేలికగానే అర్థమవుతున్నాయి. కానీ ఆ మాటలనే సొంత వాక్యంలో పెట్టేసరికి తప్పులు దొర్లుతున్నాయి. ఇలాంటి వార్తల నుంచి మాటలు నేర్చుకోవడం మంచి పద్ధతేనా? ‘డెత్ టోల్’లోని టోల్‌కూ మన హైవే మీది టోల్‌గేటుకూ సంబంధం ఏమైనా ఉందా? పెద్దలు చెప్పగలరు.

కోవూరు నుంచి ఒక ఉపాధ్యాయుడి సమాధానం:

మంచి పద్ధతేనమ్మా. విపత్తు వార్తలో జరిగిన సంగతి మనకు ముందే తెలుగులో తెలిసి ఉంటుంది కాబట్టి, మాట కొత్తదైనా విషయం పాతదే అవుతుంది. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్ట కోసుకుపోయి, జాతీయ రహదారి కూడా తెగినప్పుడు, మా వీధి పిల్లల్లో ఆ సంగతి తెలియనివాడు లేడు. ఆ వారం ఇంటర్ పిల్లల చేత ఇంగ్లీషు పేపరు చదివిస్తే, ‘వాష్డ్ అవే’ అంటే కొట్టుకుపోవడమనీ, ‘స్ట్రాండెడ్’ అంటే దారి లేక చిక్కుకుపోవడమనీ నేను చెప్పకముందే వాళ్లే చెప్పారు. ‘స్ట్రాండ్’ అంటే పాత ఇంగ్లీషులో సముద్రపు ఒడ్డు అనీ, ఒడ్డుకెక్కి కదలలేకపోయిన ఓడ నుంచి ఈ అర్థం వచ్చిందనీ చెప్పినప్పుడు, స్టేషన్లో ఆగిపోయిన రైలు వాళ్ల కళ్ల ముందు మెదిలి ఉంటుంది. ఆ మాటను మళ్లీ ఎవరూ మరిచిపోలేదు.

టోల్ సంగతికి వస్తాను. సంబంధం ఉంది. వెంకటాచలం దగ్గరో టంగుటూరు దగ్గరో మనం కట్టే టోల్ ఒక సుంకం. విపత్తు కూడా మనుషుల ప్రాణాలను సుంకంగా వసూలు చేసుకుంటుందన్న ఊహ మీద ‘డెత్ టోల్’ ఏర్పడింది. గంట మోగడాన్ని కూడా టోల్ అనే అంటారు గానీ, అది వేరే మాట. మీరు జాగ్రత్తగా చూడవలసింది దాని పక్కన నిలిచే చిన్న మాటను. ‘టోల్ రైజెస్ టు 20’ అంటే మృతుల సంఖ్య మొత్తం కలిపి 20కి చేరిందని అర్థం. ‘బై 20’ అంటే మునుపటి లెక్కకు మరో 20 మంది తోడయ్యారని అర్థం. తెలుగులో ‘20కి పెరిగింది’ అన్నప్పుడు ఆ ‘కి’ చేసే పనే అక్కడ ‘టు’ చేస్తుంది. టోల్ అనే మాట ఒక్కటే బట్టీ పట్టి, ఈ ‘టు’ను వదిలేసిన విద్యార్థి మృతుల లెక్కనే తప్పు చెబుతాడు.

ఇంతకంటే పెద్ద పొరపాటు ‘క్యాజువాలిటీ’తో జరుగుతుంది. ఆసుపత్రిలో క్యాజువాలిటీ వార్డు అందరికీ తెలిసినదే. అక్కడికి ప్రాణాలతో ఉన్నవాళ్లనే తీసుకువెళతాం. అయినా వార్తను అనువదించమంటే చాలామంది ‘క్యాజువాలిటీస్’ను ‘మృతులు’ అని రాస్తారు. ఆ మాటలో చనిపోయినవారు, గాయపడినవారు ఇద్దరూ ఉంటారు. ముగ్గురు చనిపోయి తొమ్మిది మందికి గాయాలైన బస్సు ప్రమాదాన్ని ‘12 మంది మృతి’ అని రాస్తే, కాగితం మీద తొమ్మిది మందిని మనమే చంపినట్లవుతుంది. దీన్ని చిన్న తప్పుగా నేను ఎన్నడూ వదిలిపెట్టను.

మీ సొంత వాక్యాల్లో తప్పులు వస్తున్నాయని అన్నారు కదా. నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే తప్పు ‘మిస్సింగ్’ది. మనం ‘వాగులో మిస్సయ్యాడు’ అని తెలుగులో హాయిగా అంటాం, అందులో దోషం లేదు. కానీ దాన్నే ఇంగ్లీషులో పెట్టేటప్పుడు ‘హీ మిస్డ్ ఇన్ ద ఫ్లడ్స్’ అని రాస్తారు. ‘మిస్డ్’ అంటే అతను దేన్నో అందుకోలేకపోయాడని అర్థం, బస్సు తప్పిపోయినట్లు. మనిషి కనిపించడం లేదని చెప్పాలంటే ‘హీ ఈజ్ మిస్సింగ్’, లేదా ‘వెంట్ మిస్సింగ్’ అనాలి. మన పత్రికలు దీనికి వాడే ‘గల్లంతు’ అనే మాటకు గొడవ, గందరగోళం అనే పాత అర్థం ఉంది. నీటిలో మనిషి ఆచూకీ లేకపోవడం అనే అర్థమే ఇప్పుడు ముందుకు వచ్చి, పాత అర్థం మరుగున పడుతోంది.

నాకు ఎంతో ఇష్టమైన జంట ‘బ్రీచ్’, ‘గండి’. మన జిల్లాలు చెరువుల మీద బతికిన జిల్లాలు కాబట్టి గండి అంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య జలాశయం మట్టికట్ట తెగిన వార్తలో ఇంగ్లీషు పేపరు రాసిన మాట బ్రీచ్. తెలుగులో దానంతట అది తెగితే ‘గండి పడింది’ అంటాం. ఎవరైనా తెంపితే ‘గండి కొట్టారు’ అంటాం. ఒక్క క్రియ మారితే తప్పు ఎవరిదో తెలిసిపోతుంది. ఇంగ్లీషులో బ్రీచ్‌కు ఆ సౌకర్యం లేదు. ‘ద ట్యాంక్ వాజ్ బ్రీచ్డ్’ అని చదివితే నీళ్లు తెంపాయో మనుషులు తెంపారో తరువాతి వాక్యాలు చదివి తెలుసుకోవాలి. గండి పూడ్చడాన్ని మాత్రం ‘ప్లగ్ ద బ్రీచ్’ అని చక్కగా అంటారు. నమ్మకద్రోహాన్ని ‘బ్రీచ్ ఆఫ్ ట్రస్ట్’ అంటారు గానీ, మన ‘ఖజానాకు గండి’ని బ్రీచ్‌తో అనువదిస్తే ఇంగ్లీషు పాఠకుడికి అర్థం కాదు, అక్కడ ‘లాస్’ అనాలి. ఇలా రెండు మాటలు ఎంతవరకు కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో రాసుకుంటేనే ఆ మాట మీదవుతుంది.

మిగిలిన వాటిలో రెండు చెప్పి ఆపుతాను. ‘డిప్రెషన్’ అంటే మనసు కుంగుబాటు అని మాత్రమే తెలిసిన ఒక అమ్మాయి, బంగాళాఖాతంలో అది ఎలా వస్తుందని నిజంగానే అడిగింది. కిందికి అణగడం అనేది ఆ మాట మూలార్థం. వాతావరణ శాఖ లెక్కలో అల్పపీడనం బలపడి, గాలి గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల వేగం అందుకుంటే అది డిప్రెషన్, మన వాయుగుండం. 62 కిలోమీటర్లు చేరితే తుఫాను. ‘ల్యాండ్‌ఫాల్’ను చూసి కొండచరియ పడిందనుకునేవారు కూడా ఉన్నారు. ఓడ ప్రయాణం తరువాత నేలను చేరుకోవడాన్ని ఆ మాటతో చెప్పేవారు. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన తుఫాను వార్తలో దానికి ‘తీరం దాటడం’ అని తెలుగు పత్రికలు రాసినదే సరైన తెలుగు.

కొత్తపట్నం నుంచి మరొక సభ్యుడు:

మాస్టారూ, మా నాయనమ్మ ‘ఉప్పెన’ అనేది. 2004 డిసెంబరు 26 తరువాత ఊళ్లో అందరూ ‘సునామీ’ అంటున్నారు. రెండూ ఒకటేనా? ఉప్పెనకు ఇంగ్లీషు మాట సునామీయేనని రాయవచ్చా?

కోవూరు నుంచి సమాధానం:

రాయకూడదు, తమ్ముడూ. ఉప్పెన తుఫాను గాలి తోసుకువచ్చే సముద్రం, 1977లో దివిసీమను ముంచినది అదే. దానికి ఇంగ్లీషు మాట ‘స్టార్మ్ సర్జ్’. సునామీ గాలితో నిమిత్తం లేకుండా సముద్రగర్భంలో భూమి కదలడం వల్ల వచ్చేది. జపాను భాషలో ‘సు’ అంటే రేవు, ‘నామి’ అంటే అల. ఆ రోజు మన తీరంలో ఆకాశం నిర్మలంగా ఉండగానే నీళ్లు ఊళ్లలోకి వచ్చాయని మీ ఊరి పెద్దలే చెబుతారు. ఎన్నికల్లో గెలుపుకు, సినిమా వసూళ్లకు ఇప్పుడు ‘సునామీ’ అని రాస్తున్నారు. పట్టపుపాలేల్లో, అంటే మత్స్యకారుల పల్లెల్లో, ఆ రోజు మనుషులను పోగొట్టుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి కాబట్టి, నేను మాత్రం ఆ వాడుకను పిల్లల చేత రాయించను. మీ నాయనమ్మగారి మాటను వదులుకోకండి.