పసిఫిక్ దీవులకు విదేశీ సాయం: సర్వేల్లో జనాభిప్రాయం ఎందుకిలా తలకిందులవుతుంది?

ప్రశ్న (గణాంకం):

పసిఫిక్ దీవులకు వెళ్లే సాయం గురించి ఆస్ట్రేలియా జనం ఏమనుకుంటున్నారో ఒక వ్యాసం కోసం చూస్తున్నాను. సిడ్నీలోని పరిశోధన సంస్థ లోవీ ఇన్‌స్టిట్యూట్ సర్వేలు ఒక్కటే తీసుకున్నా తల తిరిగిపోతోంది. 2015లో సాయం బడ్జెట్‌లో సుమారు 100 కోట్ల ఆస్ట్రేలియా డాలర్లు కోసినప్పుడు 53 శాతం మంది సమర్థించారు. 2017లో, ఏటా ఇచ్చే 380 కోట్ల డాలర్లు ఎక్కువని 35 శాతం, సరిపోతుందని 38 శాతం, చాలదని 22 శాతం అన్నారు. 2018కి వచ్చేసరికి బడ్జెట్‌లో 10 శాతం దాకా ఇవ్వాలన్నది సగటు జవాబు! అప్పుడు నిజంగా ఇస్తున్నది 0.8 శాతమే. దీంట్లో ఏది పట్టుకోవాలి? అసలు సాయం తీసుకునే దీవుల జనాన్ని ఎవరైనా అడిగారా?

జవాబు 1 (నమూనా):

అన్నీ నమ్మొచ్చండీ, కాకపోతే అవి వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు. 2017లో డాలర్ల అంకె చెప్పి అడిగారు. 380 కోట్లంటే ఎవరికైనా కొండంత సొమ్ము. ప్రభుత్వం మొత్తం ఖర్చెంతో పక్కనే చూపిస్తే తప్ప అది చిన్నదని తట్టదు. 2018లో అంకె చెప్పకుండా, ఎంత శాతం వెళ్తోందనుకుంటున్నారు, ఎంత వెళ్లాలి అని రెండూ అడిగారు. వెళ్తోందనుకున్నది సగటున 14 శాతం, వెళ్లాలన్నది 10. అంటే వాళ్ల లెక్కలో అది కోత. "జనం పది రెట్లకు పైగా పెంచమంటున్నారు" అని శీర్షిక పెట్టేవాళ్లు బోల్తా పడేది ఇక్కడే.

ఇది తేలాలంటే శాంపిల్‌ని లాటరీ పద్ధతిలో మూడు భాగాలు చేసి అడగాలి. మొదటి భాగానికి ఏ అంకె ఇవ్వకుండా పెంచాలా, ఇంతే ఉంచాలా, తగ్గించాలా అని. రెండో భాగానికి డాలర్ల మొత్తం చెప్పి అదే ప్రశ్న. మూడో భాగానికి ప్రభుత్వం ఖర్చు చేసే ప్రతి 100 డాలర్లలో ఎన్ని సెంట్లో చెప్పి. మూడింటి మధ్య తేడా ఎంతో, అంకె చేస్తున్న పని అంత. ఆప్షన్ల వరుస కూడా మనిషి మనిషికీ మారాలి, ఫోన్‌లో చివర విన్న మాటనే తిరిగి చెప్పేవాళ్లు ఎక్కువ. అంచనా అడిగిన చోట సగటు ఒక్కటే ఇస్తే చాలదు. 40, 50 శాతం అనేవాళ్లు కొద్దిమందే ఉన్నా సగటును పైకి లాగేస్తారు, పక్కనే మధ్యగతం (జవాబులన్నీ వరుసలో పెడితే సరిగ్గా నడిమిది) ఉండాలి.

శాతం దేంట్లోనో కూడా చూసుకోండి. ఆస్ట్రేలియా సాయం ఇటీవలి ఏళ్లలో స్థూల జాతీయాదాయంలో 0.19 శాతం దగ్గర, కేంద్ర బడ్జెట్‌లో 0.7 శాతం దగ్గర తిరుగుతోంది. 1970లో ఐక్యరాజ్యసమితి పెట్టిన 0.7 శాతం లక్ష్యం జాతీయాదాయం మీద. ఈ రెండు 0.7లనూ కలిపేస్తే లక్ష్యం ఎప్పుడో చేరిపోయినట్టు కనిపిస్తుంది.

జవాబు 2 (రేవుగట్టు):

నమూనా గారు చెప్పింది ఒప్పుకుంటాను గానీ, అంకెలతోనే అంతా తేలదు. "విదేశీ సాయం" అని గుత్తగా అడిగితే ముఖం చిట్లించేవాళ్లే, పసిఫిక్‌లో తుపాను సహాయానికి డబ్బివ్వాలా అంటే దాదాపు అందరూ సరేనంటారు. దీవుల దీర్ఘకాల అభివృద్ధికి, అక్కడ చైనా పలుకుబడి పెరగకుండా చూడటానికి అన్నా గట్టి మెజారిటీయే. కాబట్టి మీ వ్యాసం పసిఫిక్ గురించైతే గుత్త ప్రశ్నల ఫలితాలు వాడకండి.

అయితే ఆ తుపాను నాటి జాలి సరుకుల రూపంలో ఓడెక్కిందంటే తలనొప్పే. 2015 మార్చిలో పామ్ తుపాను తర్వాత పసిఫిక్ దీవి దేశం వనువాటుకు ఎవరూ అడగని సరుకులతో 70కి పైగా కంటెయినర్లు వచ్చాయి. పది నెలలు గడిచినా రాజధాని పోర్ట్ విలా రేవులో 18 కంటెయినర్లను విడిపించుకున్నవాళ్లు లేరు, నిల్వ ఛార్జీలు 15 లక్షల అమెరికన్ డాలర్లకు చేరాయి. ఎవరి పేరున వచ్చిందో కాగితం ఉండదు, లోపలేముందో జాబితా ఉండదు. కస్టమ్స్ వాళ్లు ప్రతి పెట్టే విప్పాలి, ఈలోగా తిండి సరుకుల గడువు తీరిపోతుంది. పసిఫిక్ విపత్తుల్లో ఇలా దిగినవాటిలో మందపాటి దుప్పట్లు, హైహీల్స్ కూడా ఉన్నాయి, ఆ ఉక్కపోతలో! సర్వేలో "సాయం చేస్తారా" అని ఆపేయకుండా "డబ్బా, సరుకులా" అని కూడా అడిగితే పనికొచ్చే సమాచారం దొరుకుతుంది.

జవాబు 3 (పగడపుదిబ్బ):

మీ రెండో ప్రశ్నకు: అడిగారు, కానీ తక్కువ. సోలమన్ దీవుల్లో ఆస్ట్రేలియా నాయకత్వంలోని రామ్సీ శాంతి బృందం ఉన్న రోజుల్లో 2006లో ప్రయోగాత్మకంగా మొదలై 2013 వరకు పీపుల్స్ సర్వే జరిగింది. సమోవాలో ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ, నేషనల్ యూనివర్సిటీ ఆఫ్ సమోవా కలిసి 2020-21లో పసిఫిక్ ఆటిట్యూడ్స్ సర్వే చేశాయి, తర్వాత వనువాటులోనూ జరిగింది.

పీపుల్స్ సర్వేలో రామ్సీకి ప్రతిసారీ భారీ మద్దతు కనిపించేది. సర్వే చేయించింది రామ్సీయే అన్నది మర్చిపోకుండా చదవండి. సాయమిచ్చినవాళ్లు ఇంటికొచ్చి ఎలా ఉందని అడిగితే మర్యాదకైనా బాగుందనే అంటారు. ఊరి పెద్ద పక్కన కూర్చుంటే ఇక చెప్పక్కర్లేదు. అనుమతి ఆయన దగ్గరే తీసుకోవాలి, ఇంటర్వ్యూ మాత్రం ఆయన లేకుండా జరగాలి. అడిగే మనిషి ఆ ప్రావిన్స్ వాళ్లయితే భాష కలుస్తుంది, అదే ఊరివాళ్లు మాత్రం కాకూడదు. ఆడవాళ్లను ఆడవాళ్లే అడగాలి. "సాయం బాగుందా" అని కాకుండా "పోయిన నెల క్లినిక్‌లో మలేరియా మందు దొరికిందా" అని అడిగితే మర్యాదకు చోటుండదు.

పాపువా న్యూ గినీలో ఇంకో చిక్కు. 2011 జనగణన తర్వాత మళ్లీ 2024లోనే జరిగింది. మధ్యలో, 2022 చివర్లో, ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా 1.7 కోట్లంటూ వార్తలకెక్కింది. సర్కారు వాడుతున్న లెక్క 90 లక్షల పైచిలుకు. జనమెంతో తెలియని చోట ఇళ్ల జాబితా ఎక్కడ్నుంచి తెస్తారు? సెల్‌ఫోన్ సర్వే చేస్తే సిగ్నల్ ఉన్న పట్నాల్లోని మగవాళ్లే ఎక్కువ దొరుకుతారు.

ఎవరిచ్చారన్నది కూడా విడదీసి అడగాలి. సోలమన్ దీవుల రాజధాని హోనియారాలో అంతర్జాతీయ రేవు పునర్నిర్మాణం కాంట్రాక్టు 2023లో చైనా ప్రభుత్వ కంపెనీ సీసీఈసీసీకి దక్కింది. డబ్బు ఆసియా అభివృద్ధి బ్యాంకుది, అందులో అతిపెద్ద వాటాదారులు జపాన్, అమెరికా. రేవు పక్క మనిషికి కనిపించేది మాత్రం చైనా బోర్డు. కట్టిందెవరు, డబ్బెవరిది, అప్పా గ్రాంటా అని మూడు ప్రశ్నలు వేయాలి. బడ్జెట్ మద్దతుగా ఖజానాలోకి వెళ్లే సాయానికైతే బోర్డే ఉండదు.

గణాంకం: చాలా థ్యాంక్సండీ. దీవుల్లో జనం చెప్పినదాన్ని దేనితో పోల్చి చూసుకోవాలి? దాతలు ప్రకటించే మొత్తాలతోనా?

పగడపుదిబ్బ: వద్దు. ప్రకటించింది వేరు, ఖర్చయింది వేరు. చైనా విషయంలో ఆ తేడా మరీ ఎక్కువ. లోవీ వాళ్లదే పసిఫిక్ ఎయిడ్ మ్యాప్ 2018 నుంచీ ఉంది, అందులో ప్రాజెక్టుల వారీగా రెండూ విడిగా ఉంటాయి. ఖర్చయిన కాలమ్ తీసుకోండి, అప్పులు, గ్రాంట్లు వేరు చేసుకోండి. సర్వే జరిగిన ఏడాది ఒక్కటే కాకుండా దానికి ముందు మూడు నాలుగేళ్లవి కూడా కలపండి, ఎందుకంటే జనం మాట్లాడేది అప్పటికే పూర్తయిన రోడ్డు గురించి.

నమూనా: ఆ మ్యాప్‌లోని డాలర్లు ఏ దేశానివో, ఏ ఏడాది ధరల్లో ఉన్నాయో చూసుకున్నాకే లోవీ సర్వే అంకెలతో పోల్చండి. ఆ సర్వే ప్రశ్నల్లో ఉన్నది ఆస్ట్రేలియా డాలర్లు.