వెర్మాంట్ చెక్క వంతెనలకి పైకప్పు ఎందుకు? మూడో క్లాసు పాపకి ఎలా చెప్పాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము న్యూజెర్సీలో ఉంటాం. ఆకుల రంగులు చూడ్డానికి అక్టోబరులో వెర్మాంట్ వెళ్తున్నామని మా పాప వాళ్ళ టీచరుకి చెప్పిందట. అక్కడి కప్పున్న చెక్క వంతెనల గురించి ఐదు నిమిషాలు క్లాసులో మాట్లాడమని, చిన్న మోడల్ కూడా చేసి తెమ్మని ఆవిడ అడిగారు. "అమ్మా, వంతెనకి కప్పెందుకు?" అంటే, మనుషులు తడవకుండా అని చెప్పాను. "మరి రోడ్డుకి లేదేం?" అంది. ఇంక నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్ళు ఎవరైనా పిల్లలకి అర్థమయ్యేలా చెప్పండి, ప్లీజ్.

జవాబు:
గుర్రాల కోసం అని విన్నానండీ. కింద పారే నీళ్ళు కనపడితే బెదురుతాయని పక్కలు మూసేశారట.

జవాబు:
గుర్రాల కథ ఇక్కడ చాలామంది చెప్తారు. పిల్లలకి నచ్చుతుంది కూడా. కానీ అసలు కారణం అది కాదు. నేను సివిల్ ఇంజనీర్ని, న్యూ హాంప్‌షైర్‌లో ఉంటాను. ఈ వంతెనలంటే నాకు ప్రాణం, కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

మీ పాప అడిగింది సరైన ప్రశ్న. ఆ కప్పు మనుషుల కోసం వేసింది కాదు, వంతెన కోసమే వేసింది. వంతెన బరువు మోసేది కింద నడిచే బల్లలు కాదు, రెండు పక్కలా నిలబడి ఉండే దూలాల అల్లిక. దాన్నే ట్రస్ అంటాం. ఆ దూలాలు కలిసే ప్రతి కీలులోనూ సందులుంటాయి. వాన నీళ్ళు అక్కడ చేరితే తొందరగా ఆరవు. చెక్క లోపల్నుంచి పుచ్చిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. మన ఊళ్ళో చూడండి, వానకి తడిసే పెరటి తలుపు కొన్నేళ్ళకే పాడవుతుంది, అదే కొయ్యతో చేసిన నడవలో తలుపు తాతల కాలం నుంచీ ఉంటుంది. వంతెనలదీ అదే సంగతి. కప్పు లేని చెక్క వంతెన పది, ఇరవై ఏళ్ళు ఉంటే గొప్ప. కప్పు వేసి, పక్కలకి చెక్కలు కొట్టినవి నూట యాభై ఏళ్ళు దాటినా నిలబడే ఉన్నాయి. కప్పు పాడైతే కప్పు ఒక్కటీ మార్చుకుంటే చాలు, దూలాల జోలికి వెళ్ళక్కర్లేదు.

అమెరికాలో ఈ పద్ధతి మొదట ఫిలడెల్ఫియాలో వచ్చింది. షుయ్‌ల్‌కిల్ నది మీద తిమోతీ పామర్ కట్టిన వంతెనకి 1805లో కప్పు వేశారు. తర్వాత ఇథియల్ టౌన్ అనే ఆయన 1820లో జాలీలాగా పలకలు అడ్డదిడ్డంగా దాటే అల్లికకి పేటెంట్ తీసుకున్నాడు. పెద్ద పెద్ద దూలాలు అక్కర్లేదు. ఒకే కొలత పలకలు కోసుకుని, అవి కలిసే చోట బెజ్జాలు వేసి, ఓక్ కర్ర చీలలు దిగ్గొడితే చాలు, మామూలు వడ్రంగులు కట్టేయొచ్చు. అందుకే వెర్మాంట్ పల్లెల్లో ఇది అంతగా పాకింది. ఇప్పటికీ ఆ రాష్ట్రంలో కప్పున్న వంతెనలు వంద దాకా ఉన్నాయి.

చలికాలం సంగతి చెప్తే క్లాసులో పిల్లలు నోళ్ళు తెరుస్తారు. కప్పు ఉండేది మంచు లోపలికి పడకుండా అనుకుంటాం కదా. ఆ రోజుల్లో బయటి మంచు పారలతో ఎత్తి మరీ వంతెన లోపల పోసేవాళ్ళు! చలికాలంలో జనం తిరిగేది చక్రాల్లేని జారుడు బళ్ళ మీద. వట్టి చెక్క మీద అవి జారవు మరి.

ప్రశ్న:
చాలా థ్యాంక్సండీ! మంచు సంగతి విని పాప ఎగిరి గంతేసింది. ఏదైనా ఒక్క వంతెన గురించి చెప్పాలంటే ఏది తీసుకోమంటారు?

జవాబు:
కోర్నిష్–విండ్సర్ వంతెన. న్యూ హాంప్‌షైర్‌లోని కోర్నిష్‌కీ వెర్మాంట్‌లోని విండ్సర్‌కీ మధ్య కనెక్టికట్ నది మీద ఉంది, దాదాపు 450 అడుగుల పొడవు. జేమ్స్ టాస్కర్, బెలా ఫ్లెచర్ 1866లో కట్టారు, ఖర్చు 9,000 డాలర్లు. ఆ చోట అది నాలుగో వంతెన, ముందు కట్టిన మూడూ వరదలకి పోయాయి. 1943 దాకా దాటడానికి టోల్ కట్టాల్సిందే. దాని నుదుటి మీద "గుర్రాల్ని నడిపించండి, లేదా రెండు డాలర్ల జరిమానా" అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. గుర్రాలు దౌడు తీస్తే ఆ అదురుకి కీళ్ళు వదులవుతాయని భయం.

రెండు జాగ్రత్తలు. పాత పుస్తకాల్లో ఇది అమెరికాలోకెల్లా పొడవైన కప్పున్న వంతెన అని ఉంటుంది. 2008లో ఒహాయోలో 613 అడుగులది కట్టారు కాబట్టి ఆ మాట ఇప్పుడు చెల్లదు. ప్రపంచంలో పొడవైనది కెనడాలో, హార్ట్‌లాండ్‌లో ఉంది, 1,282 అడుగులు. ఇంకోటి, ఇక్కడ నది అంతా న్యూ హాంప్‌షైర్‌దే, సరిహద్దు వెర్మాంట్ వైపు గట్టు దగ్గర ఉంటుంది. కాబట్టి ఈ వంతెన దాదాపు మొత్తం మా రాష్ట్రంలోదే. పాపని రెండు రాష్ట్రాల మధ్య వంతెన అని చెప్పమనండి.

ప్రశ్న:
మోడల్ ఎలా చేయించాలి? గ్లూతో అంటిస్తే చాలా?

జవాబు:
ముందు గ్లూ వద్దు. నాలుగు ఐస్‌క్రీమ్ పుల్లలకి చివర్లలో బెజ్జాలు పెట్టి, ఫైళ్ళకి వాడే రెండు రెక్కల పిన్నులతో చతురస్రం చేయించండి. బెజ్జాలు మీరే పెట్టండి, పుల్ల చీలుతుంది. పైన వేలితో నొక్కితే అది పక్కకి ఒరిగిపోతుంది. ఇప్పుడు మూల నుంచి మూలకి ఒక అట్టముక్క పట్టీ బిగించి మళ్ళీ నొక్కమనండి. కదలదు. త్రిభుజం బలం ఎంతో పాప వేలికే తెలుస్తుంది, మనం పాఠం చెప్పక్కర్లేదు. తర్వాత పుల్లల్ని ఏటవాలుగా రెండు వరసల్లో ఒకదాన్నొకటి దాటేలా పెట్టి గ్లూతో జాలీ గోడలు రెండు చేసి, మధ్యలో అట్ట నేల, పైన కప్పు పెట్టండి.

క్లాసులో చూపించడానికి అట్టతో రెండు చిన్న వంతెనలు విడిగా చేయండి, ఒకదానికే ప్లాస్టిక్ కాగితం కప్పు. కప్పు పక్కలకి కాస్త బయటికి రావాలి. రెండింటి మీదా ఒక్కో చిన్న బొమ్మ కారు పెట్టి స్ప్రే బాటిల్‌తో నీళ్ళు కొట్టమనండి. కప్పు లేనిది మెత్తబడి కుంగిపోతుంది. ఒకసారి ఇంట్లో చేసి చూసుకోండి, అట్ట మరీ మందంగా ఉంటే కుంగడానికి చాలాసేపు పడుతుంది.

జవాబు (ఇంకొకరు):
మరి కప్పు ఉంటే ఎప్పటికీ పోవా? 2011లో తుపానుకి ఒకటి కొట్టుకుపోయిన వీడియో చూశాను.

జవాబు:
అది బార్టన్స్‌విల్ వంతెనండీ, 1870 నాటిది. ఐరీన్ తుపాను వరదకి ఆగస్టు 28న పోయింది. కప్పు వానని ఆపుతుంది, వరదని ఆపలేదు. ఆ ఊరివాళ్ళు కాంక్రీటుకి పోకుండా మళ్ళీ అదే జాలీ పద్ధతిలో చెక్కతోనే కట్టించుకుని 2013లో తెరిచారు. వాళ్ళంటే నాకు ఎంత గౌరవమో చెప్పలేను.

ప్రశ్న:
కారులో దాటొచ్చా?

జవాబు:
కోర్నిష్–విండ్సర్ మీద దాటొచ్చు. పెద్ద వ్యాను అద్దెకి తీసుకుంటే మాత్రం ప్రతి వంతెన ముందూ ఎత్తు, బరువు బోర్డులు చూసుకోండి, జీపీఎస్‌ని నమ్మకండి. చాలా వంతెనలకి ఒక్క వరసే దారి, అవతలి బండి దాటి వచ్చేదాకా ఆగాలి, హెడ్‌లైట్లు వేసుకోవాలి. పాపతో లోపల నడవాలంటే వుడ్‌స్టాక్ ఊరి మధ్యలో ఉన్నది చూడండి. అది 1969లో కట్టిన కొత్తది. దగ్గర్లోనే టాఫ్ట్స్‌విల్‌లో 1836 నాటిది ఉంది. విండ్సర్ అక్కడికి సుమారు అరగంట దారి. ఫోటోలు బయట్నుంచి ఒకటి చాలు, లోపల దూలాలు కలిసే కీళ్ళవి ఎక్కువ తీయండి, క్లాసులో పనికొచ్చేవి అవే.