బ్లాడర్ నొప్పికి నరం దగ్గర తీగ పెడతారట, చేయించుకున్నవాళ్లు ఉన్నారా?

ప్రశ్న

నాకు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ (ఇన్ఫెక్షన్ లేకుండానే బ్లాడర్ నొప్పి పెట్టే జబ్బు) అని తేల్చారు. యూరిన్ కల్చర్‌లో ఎప్పుడూ ఏమీ ఉండదు. బ్లాడర్ నిండేకొద్దీ పొత్తికడుపులో మంట, నొప్పి. వెళ్లొస్తే కాసేపు తెరిపి, మళ్లీ మామూలే. రాత్రిళ్లు నొప్పికే మెలకువ వచ్చేస్తుంది. నొప్పికి అమిట్రిప్టిలిన్ మాత్రలు వాడితే నోరు ఎండిపోవడం, పొద్దున్నే మత్తు తప్ప ఒరిగిందేమీ లేదు. బ్లాడర్‌లోకి మందు ఎక్కించడం కూడా అయింది. ఇప్పుడు డాక్టరుగారు సేక్రల్ న్యూరోమాడ్యులేషన్ చేద్దామంటున్నారు, అంటే నడుము కింద నరం పక్కన తీగ పెట్టి బ్యాటరీతో సన్నగా కరెంటు ఇవ్వడమట. ఒంట్లో బ్యాటరీ అంటేనే గుండె దడ. మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అంటారు, ఆ మాటతో ఇంకా అయోమయం. నొప్పి నిజంగా తగ్గుతుందా?

జవాబు 1

నేను చేయించుకున్నానండి. సూటిగా అడిగారు కాబట్టి సూటిగానే చెప్తా: నొప్పి తగ్గింది, పూర్తిగా పోలేదు. బాత్రూమ్‌కి పరుగులు మాత్రం బాగా తగ్గాయి.

బ్యాటరీ మొదటే పెట్టరు, ముందు పరీక్ష ఉంటుంది. బోర్లా పడుకోబెట్టి, నడుము కింద త్రికోణంలా ఉండే ఎముక రంధ్రంలోంచి సన్నటి తీగని మూడో సేక్రల్ నరం పక్కకి పంపిస్తారు. నాకు మత్తు అక్కడి వరకే ఇచ్చారు, మెలకువగానే ఉన్నా. కరెంటు పెట్టి "ఎక్కడ తెలుస్తోందమ్మా?" అని అడుగుతూనే ఉంటారు. మొదట పిక్క పట్టేసినట్టయింది, అది కాదని తీగ కదిపారు. తర్వాత యోని దగ్గర, వెనకవైపు ఫోన్ వైబ్రేషన్‌లో పెట్టినట్టు కొట్టుకుంది. కాలి బొటనవేలు దానంతటదే వంగింది. అదే సరైన చోటట.

ఆ తీగ బయటి చివర నడుముకి కట్టుకునే చిన్న పెట్టెకి తగిలిస్తారు. పరీక్ష రకాన్ని బట్టి కొన్ని రోజుల నుంచి రెండు వారాల దాకా అలాగే ఉంచుతారు. స్నానం లేదు, తడిగుడ్డతో తుడుచుకోవడమే. వంగడం, మెలితిరగడం కూడదు, తీగ జరిగితే పరీక్షే వృథా. ప్లాస్టరు కింద దురద మాత్రం ప్రాణం తీసింది.

మీరు గట్టిగా పట్టించుకోవాల్సింది డైరీ, అంటే ఎప్పుడు వెళ్లారు, ఎంత వచ్చింది అని రాసుకునేది. సాధారణంగా సగానికి సగం మెరుగైతేనే లోపల బ్యాటరీ పెడతారు. సగం అంటే దేంట్లో సగం? ఈ పరికరానికి అమెరికాలో 1997లో అనుమతి వచ్చింది మూత్రం ఆపుకోలేకపోవడానికి. 1999లో మాటిమాటికీ వెళ్లాల్సి రావడానికి, మూత్రం సరిగా రాకపోవడానికి కూడా ఇచ్చారు. బ్లాడర్ నొప్పికి అని విడిగా ఇవ్వలేదు. అందుకని లెక్కంతా ఎన్నిసార్లు వెళ్లారన్న దాని మీదే నడిచే ప్రమాదం ఉంది. మీరు నొప్పికి వేరే గడి గీసుకుని, 10కి ఎంతో ప్రతిసారీ వేసుకోండి. రాత్రి నొప్పి ఇంకో గడిలో. కొలకప్పు పట్టుకుని తిరగడం విసుగే, కాదనను. కానీ పరుగులు తగ్గి నొప్పి అలాగే ఉంటే బ్యాటరీ దాకా వెళ్లాలా వద్దా అన్నది ఆ కాగితమే చెప్తుంది.

బ్యాటరీ పిరుదు పైభాగంలో చర్మం కింద ఉంటుంది. అక్కడ నొప్పి, ఇన్ఫెక్షన్, తీగ జరగడం వల్ల మళ్లీ ఆపరేషన్ కావాల్సి రావచ్చు. ఎంఆర్ఐ సంగతి ముందే అడగండి, పాత మోడళ్లయితే తల వరకే ఒప్పుకుంటాయి. పిల్లల ఆలోచన ఉంటే అదీ చెప్పండి. గర్భం వస్తే సాధారణంగా ఆపేయమంటారు.

జవాబు 2

నేను కాలి నరం దారిలో వెళ్లాను. చీలమండ లోపలివైపు కాస్త పైన సన్నటి సూది గుచ్చి 30 నిమిషాలు కరెంటు ఇస్తారు, వారానికోసారి, మొత్తం 12 వారాలు. అరికాలు జివ్వుమంటుంది, అంతే. ఒంట్లో ఏదీ ఉండదు. రాత్రి లేవడం తగ్గింది గానీ మంట మీద పెద్దగా పని చేయలేదు. ఆపేశాక మధ్యమధ్య మళ్లీ వెళ్లాల్సి వస్తోంది.

జవాబు 3

పెల్విక్ ఫిజియోథెరపీ చేస్తాను. తీగకి ముందు రెండు సంగతులు తేల్చుకోండమ్మా. సిస్టోస్కోపీలో (బ్లాడర్‌లోకి కెమెరా పెట్టి చూసే పరీక్ష) హన్నర్ పుండ్లు, అంటే బ్లాడర్ లోపలి గోడ మీద వచ్చే పుండ్లు, ఉన్నాయా? ఉంటే వాటిని కాల్చడమో, స్టెరాయిడ్ ఇంజెక్షనో ముందు చేస్తారు. రెండోది, కటి కండరాలు బిగుసుకుపోయాయేమో చేత్తో పరీక్ష చేయించుకోండి. బిగుతుంటే కీగెల్స్ (ఆ కండరాలు బిగించే వ్యాయామాలు) చేయకండి, నొప్పి పెరుగుతుంది. వదులు చేసే చికిత్స కావాలి.

కూర్చుంటే ఎక్కువవుతుందా? పుడెండల్ నరం (కటి కింది భాగానికి స్పర్శనిచ్చే నరం) నొప్పి కూర్చున్నప్పుడు పెరుగుతుంది, కానీ మామూలుగా నిద్రలోంచి లేపదు. మీకు లేపుతోందన్నారు, బ్లాడర్ నిండితే ఎక్కువంటున్నారు. కాబట్టి ఆ నరానికి బ్లాక్ (తిమ్మిరెక్కించే ఇంజెక్షన్) ఇస్తామని ఎవరైనా అంటే, ఎందుకో అడిగాకే ఒప్పుకోండి.

ప్రశ్న అడిగినావిడ

సిస్టోస్కోపీ రిపోర్టు తీసి చూశాను, పుండ్ల మాటే లేదు. లేవనా, చూడలేదనా అన్నది అడుగుతాను. కండరాల పరీక్ష ఇంతవరకు ఎవరూ చేయలేదు. తీగ వద్దంటే బోటాక్స్ అని కూడా అన్నారు, అదెలా ఉంటుంది?

జవాబు 1

నేను చేయించుకోలేదు. మా డాక్టరు చెప్పింది ఇదీ: బ్లాడర్ గోడలోకి సాధారణంగా 100 యూనిట్లు ఇస్తారు, కొన్ని నెలలు పనిచేస్తుంది, మళ్లీ వేయించుకోవాలి. కొందరికి కొన్నాళ్లు బ్లాడర్ పూర్తిగా ఖాళీ అవ్వదు, అప్పుడు మూత్రం తీసే సన్నటి గొట్టం (కెథెటర్) సొంతంగా పెట్టుకోగలగాలి. నాకు ఆ చివరి మాట దగ్గరే ధైర్యం చాల్లేదు. మీరు పరీక్షకి ఒప్పుకుంటే డైరీ వారం ముందే మొదలుపెట్టండి, లేకపోతే పోల్చుకోవడానికి ఏమీ ఉండదు.