అప్‌డేట్: రెండు శివారు ఏరియాల్లో చివరికి దగ్గరిదే తీసుకున్నాం

పోయిన నెల అడిగాను కదా, దగ్గరి శివారులో పాత చిన్న ఇల్లా, దూరం శివారులో కొత్త పెద్ద ఇల్లా అని. దగ్గరిదే కొన్నాం, కాగితాలన్నీ అయిపోయాయి.

నిజానికి నా మనసంతా పెద్ద ఇంటి మీదే ఉండేది. కానీ మీలో ఒకరు ఆదివారం కాదు, సోమవారం పొద్దున ఆఫీసు టైమ్‌కి అక్కడి నుంచి బయల్దేరి చూడండి అన్నారు, అలాగే చేశాం. ఆదివారం 45 నిమిషాలు పట్టిన దారి ఆ రోజు గంటన్నర దాటింది. రానూ పోనూ 3 గంటలు, అంటే పిల్లలు లేచేసరికి నేను ఇంట్లో ఉండను, తిరిగొచ్చేసరికి చిన్నాడు నిద్రపోయి ఉంటాడు. మా ఆయన ఆ లెక్క కాగితం మీద రాసి చూపిస్తే ఇక నా నోట మాట రాలేదు.

పెద్ద వాన పడిన మర్నాడు రెండు చోట్లా తిరిగాం. కొత్త ఏరియాలో వీధి మొదట్లోనే చీలమండ మునిగేంత నీళ్లు, పాత ఇంట్లో గోడ మూలన చెమ్మ. చెమ్మ బాగు చేయించుకోవచ్చు, వీధి పల్లంలో ఉంటే మనమేం చేయగలం? ఇంజనీరును తీసుకెళ్లి చూపిస్తే డాబా మీది నీళ్లు దిగే పైపు పగిలిందన్నారు, ఆ ఖర్చు చూపించి అడిగితే అమ్మేవాళ్లు ధర కొంత తగ్గించారు.

పిల్లలిద్దరికీ ఒకే గది, మా పెద్దమ్మాయి ఇంకా అలిగే ఉంది. బడికి మాత్రం నడిచే వెళ్లొచ్చు. వచ్చే నెల దిగుతున్నాం, ఓపిగ్గా సమాధానాలు రాసిన అందరికీ చాలా థాంక్స్.